రాజమహేంద్రవరము : పురపాలనము, సాహిత్యము, కళలు

రాజమహేంద్రవరమనఁగానే రాజరాజనరేంద్రుని కొలువును, నన్నయభట్టారకుని భారతరచనయు మనకు స్ఫురించును. పదునొకండవ శతాబ్దపు ఆ వైభవమును పండితులు పెక్కుమారులు వర్ణించియున్నారు గావున నిచట మరల విస్తరింప నవసరము లేదు. రాజపోషణము లేని కాలమున, పురజనులే పోషకులైన కాలమున, ఆ నగరమున విద్యయుఁ గళలు నెట్లు నిలిచెనో యించుక విచారించుటయే యీ వ్యాసోద్దేశము.

1865వ సంవత్సరపు చెన్నరాజధాని పట్టణాభివృద్ధి శాసనము ననుసరించి, 1866లో నిచ్చటఁ బురపాలకసంఘ మేర్పడెను. వీథులు, దీపములు, మురుగుకాలువలు, పారిశుద్ధ్యము దాని తొలిపనులు. సభ్యులను మొదట దొరతనమువారే నియమించుచుండిరి. 1882లో రిప్పన్ ప్రభువు స్థానికస్వపరిపాలనమును గూర్చి తీర్మానము ప్రకటించెను. 1884వ సంవత్సరపు శాసనముచే నెన్నికలకును, అనధికారులు అధ్యక్షులగుటకును మార్గము విశాలమయ్యెను. కాని యెన్నుకొనువారికి లోకవ్యవహారజ్ఞానము లేనిచో నెన్నిక లేమి ఫలమిచ్చును? ఆ జ్ఞానమును రాజమహేంద్రవరమున నొసఁగినవి పత్రికయు, నాటకశాలయు, గ్రంథాలయమును.

1874లో శ్రీ కందుకూరి వీరేశలింగము పంతులుగారు ‘వివేకవర్ధని’ని స్థాపించిరి. న్యాయస్థానములలోని లంచగొండితనమును, ఉద్యోగుల యక్రమములను ఆ పత్రిక నిర్భయముగ బయలుపెట్టెను. అధికారిని జనులు ప్రశ్నింపవచ్చునను భావము ఊరిలో నిట్లు నాటుకొనెను. 1880లో ధార్వాడ నాటకసమాజమువారు వచ్చి ప్రదర్శనములిచ్చి వెడలిపోయిరి. వారు విడిచిన పాకలోనే పంతులుగారు తమ విద్యార్థులచేఁ దెలుఁగు నాటకము లాడించిరి. గొప్ప భవనము లేదని వారు పనిని వాయిదా వేయలేదు.

పిదపఁ జిలకమర్తి లక్ష్మీనరసింహముగారు రంగస్థలమునకై ‘గయోపాఖ్యానము’ మున్నగు నాటకములు రచించిరి. అంధులయ్యును వారు అస్పృశ్యులుగా నెంచఁబడిన వారి బిడ్డలకై పాఠశాల నడపిరి. ఆ నాఁటి నాటకసమాజమునఁ జిన్ననాఁడు వేషములు ధరించిన టంగుటూరి ప్రకాశము పంతులుగారు, 1904లో బారిష్టరు చదువునకై సీమకుఁ బోవుటకు ముందే యీ పురపాలకసంఘమున కధ్యక్షులైరి. న్యాపతి సుబ్బారావు పంతులుగారును ఆ పీఠము నలంకరించినవారే. రంగస్థలమున వేలమంది యెదుటఁ గంఠము విప్పి పలుకుట నేర్చినవానికి సభలో జనపక్షమున మాటలాడుట కష్టము గాదు.

సభలకుఁ జోటు కావలయును. వీరేశలింగముగారి కృషిచే 1890లోఁ బురమందిరము వెలసెను. 1898లో నాళము కృష్ణారావుగారు వసురాయ గ్రంథాలయమును స్థాపించిరి. అది రత్నకవి గ్రంథాలయముతోఁ గలిసి 1920లో గౌతమీ గ్రంథాలయ మయ్యెను. రాజు కట్టించినది కాదు, దొర యిచ్చినది కాదు. పుస్తకప్రియులు కూడఁబెట్టిన ధనమది.

చిత్రకళ కథ మఱియొకటి. కళాశాలాధ్యక్షులు ఆస్వాల్డ్ కూల్డ్రేగారు బాలుఁడగు దామెర్ల రామారావుగారి ప్రతిభను గుర్తించి ప్రోత్సహించిరి. బొంబాయిలో చిత్రలేఖన మభ్యసించి, వారు జన్మస్థలమునకు మరలివచ్చి శిష్యులకు విద్య గఱపిరి. 1897లో జన్మించిన యా మహనీయుఁడు 1925 ఫిబ్రవరిలో మసూచికముచే నిరువదియేడేండ్ల ప్రాయముననే యస్తమించెను. మసూచికము వంటి యంటురోగముల నరికట్టుట పురపాలకుల విధులలోనిది. టీకాలును, శుభ్రమును కళకు సంబంధింపని విషయము లని తలఁచువారు ఈ యొక్క మరణమును స్మరింపవలయును. వారి చిత్రములను మిత్రులును బంధువులును పదిలపఱుపఁగా, నాఁడు వెలసిన చిత్రశాల నేఁటికిని గలదు.

1948వ సంవత్సరపు మద్రాసు శాసనమును, 1960వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ శాసనమును గ్రంథాలయములకై యింటిపన్నుతోఁ బాటు ప్రత్యేకపు పన్ను నేర్పఱచినవి. పూర్వము చందాలతో నడచినది ఇట్లు పౌరుల హక్కయ్యెను. అయినను స్థానికసంస్థలు వసూలు చేసిన సొమ్ము గ్రంథాలయసంస్థలకు సకాలమునఁ జేరకుండుట పలుచోట్లఁ గలదు. 1994లో రాజమహేంద్రవరము నగరపాలకసంస్థ యయ్యెను. పదవి పెరిగినంతనే పఠనమందిరము పెరుగదు. అడుగువారుండవలయును.

మన సంఘీయులలో వర్తకులు, ఉద్యోగులు, పురపాలకసభ్యులు గలరు. ప్రతివత్సరము మహాసభలకును, కల్యాణమండపములకును మనము ధనము వెచ్చించుచున్నాము. అందులో నొక పాలు, అన్ని కులముల బిడ్డలును నిరాటంకముగఁ బ్రవేశింపఁదగిన పఠనమందిరమునకు వినియోగింతము. మన మొసఁగిన గ్రంథాలయపు పన్ను ఏమైనదో మన పట్టణసభలో మర్యాదగ నడుగుదము. పాకలో నాటకమాడిన వారి వారసులకు ధనము లేదను సాకు తగదు. పోషకమహాశయు లీ విన్నపమును మన్నింతురుగాక.