గాలిలో మాట, యంత్రములో లెక్క

ఓరుగంటివాడనగు నేను నేడు రేడియోను గూర్చియు, లెక్కలు కట్టు కంప్యూటరును గూర్చియు విన్నవింపదలచితిని. ఇవి రెండును ఒకే తల్లి బిడ్డలు.

1935లో హైదరాబాదున దక్కను రేడియో 200 వాట్ల శక్తితో ప్రారంభమయ్యెను. ఆ కాలపు రేడియోకు ప్రాణము గాజు వాల్వు. దూరమునుండి వచ్చు సన్నని తరంగమును అది పెంచి మన చెవికి వినిపించెడిది. అదే వాల్వులో విద్యుత్తు పారిన ఒకటి, ఆగిన సున్న యని యెంచినచో, ఆ రెంటితోనే యెంతటి లెక్కనైనను కట్టవచ్చును. 1946లో అమెరికాలో ప్రదర్శింపబడిన ఎనియాక్ యంత్రమున సుమారు 18,000 వాల్వులుండెను. దాని బరువు 30 టన్నులకు దగ్గర. వాల్వులు మాటిమాటికి చెడుచుండెను.

1947లో అచటనే బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టెను. అది చిన్నది, వేడి తక్కువ, మన్నిక యెక్కువ. ఆ విద్య మన సీమకును వచ్చెను. 1959లో వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున జన్మించిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున 1967లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. సంస్థ వెలసెను, 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించెను.

తరువాత గోరంత పలకపై కోట్ల ట్రాన్సిస్టరులు ఇమిడెను. అందుచేతనే చేతిఫోను నేడు రేడియోయును, కంప్యూటరును అయినది.

1948 సెప్టెంబరులో నిజాము రేడియోలో ప్రసంగించినప్పుడు, విన్నవారికి ఆ దారిన బదులు పలుకు వీలు లేకుండెను. నేడు పొలముగట్టున నిలిచినవాడును లోకమునకు పలుకగలడు. కావున మాట నిజమును తూచు పని, మునుపు ప్రసారకేంద్రమునకుండినది, మన రచ్చబండకు వచ్చినది.