ఆంగ్లదేశపు మంత్రగత్తెలు: న్యాయస్థానమునందు, రంగస్థలముపైన

1612వ సంవత్సరము మార్చి 18వ తేదీన, ఉత్తర ఆంగ్లదేశమందలి లాంకషైర్ మండలములో, కోల్న్ అను ఊరి చెంత, ఆలిజన్ డివైస్ అను పేద పడుచు దారిలో ఎదురైన జాన్ లా అను తిరుగు వర్తకుని కొన్ని గుండుసూదులిమ్మని అడిగెను. అతడు మూట విప్పుట కిష్టపడలేదు. ఆమె కోపించెను. కొంతసేపటికే వర్తకుడు కూలబడెను. ఒక ప్రక్క కాలుసేతులు స్వాధీనము తప్పెను, మాట తడబడెను. ఈనాటి వైద్యుడెవ్వరైనను దీనిని పక్షవాతమనును. ఆనాడు వర్తకుడును, అతని కుమారుడును, ఊరివారును అది ఆమె చేసిన కీడేయని తలచిరి. విచిత్రమేమనగా, ఆలిజన్ కూడ అట్లే తలచి, మోకరిల్లి, క్షమింపుమని అతనిని వేడుకొనెను.

ఆ వేడుకోలే ఆమెకు ఉరిత్రాడైనది. విచారణ ఆమె ఇంటికి ప్రాకి, ఇరుగుపొరుగు ఊళ్ళకు ప్రాకెను. కన్నుగానని ముసలి అమ్మమ్మ చెరసాలలోనే కన్నుమూసెను. తొమ్మిదేండ్ల చెల్లెలు జెన్నెట్‌ను న్యాయస్థానములో బల్లమీద నిలువబెట్టి, కన్నతల్లికి వ్యతిరేకముగా సాక్ష్యము చెప్పించిరి. తల్లి గోలపెట్టగా ఆమెనే బయటికి పంపివేసిరి. పిల్లను మాత్రము ఆపలేదు. ఆగస్టు 20వ తేదీన లాంకాస్టర్ పట్టణమున పదిమందిని ఉరితీసిరి. వారిలో ఆలిజన్, ఆమె తల్లి, సోదరుడు ఉండిరి.

ఇది మూఢజనుల దొమ్మి కాదు. శాసనము ప్రకారము, న్యాయాధిపతుల యెదుట, సాక్షుల విచారణతో జరిగిన పని. 1563 నాటి శాసనము మంత్రముచేత మనిషిని చంపినవారికి మరణదండన విధించెను. 1604 నాటి శాసనము దానిని ఇంకను కఠినము చేసి, ప్రాణము పోకున్నను అవయవహాని కలిగించినందుకును, దుష్టశక్తులతో పొత్తు పెట్టుకొన్నందుకును మరణమే శిక్ష యనెను. ఆ శాసనము 1736లో గాని రద్దు కాలేదు. ఐరోపా ఖండమున పలుచోట్ల ఇట్టివారిని సజీవముగా దహించిరి, ఆంగ్లదేశమున ఉరితీసిరి. ఖండమంతట నలుబది, ఏబది వేలమంది ఈ నేరముపై చంపబడిరనియు, ఆంగ్లదేశములో ఆ లెక్క అయిదువందలకు దగ్గరగా నుండుననియు చరిత్రకారుల అంచనా. అందు అత్యధికులు స్త్రీలు. ఆంగ్లదేశమున పెక్కుమంది ముసలివారు, బీదవారు.

ముసలివారును బీదవారునే ఎందులకు? ఈ ప్రశ్నకు ఆ కాలపు మనిషియే సమాధానము చెప్పియున్నాడు. కెంట్ మండలమునకు చెందిన రెజినాల్డ్ స్కాట్ అను గృహస్థు 1584లో 'మంత్రవిద్యా రహస్యభేదనము' అనదగిన గ్రంథమును ప్రచురించెను. అతడు చూపిన క్రమమిది: దిక్కులేని ముసలమ్మ ఇంటింటికి పోయి ఇన్ని పాలో, గంజియో అడుగును. ఇచ్చినవారుందురు, పొమ్మన్న వారుందురు. పొమ్మన్నచోట ఆమె తిట్టును. తిట్టక ఏమి చేయును? ఏడాది తిరుగులోపల ఎవరింటనో బిడ్డ జబ్బుపడును, ఆవు వట్టిపోవును. అప్పుడా గృహస్థునకు ముసలమ్మ తిట్టు జ్ఞప్తికి వచ్చును. తాను లేదన్న సంగతి మాత్రము జ్ఞప్తికి రాదు. చిల్లంగి, చేతబడి, బాణామతి అను మాటలు విన్న తెలుగువారికి ఈ లెక్క క్రొత్తగా తోచదు. స్కాట్ అంతటితో ఆగక, గారడీవారు చేతిలో కత్తి దిగినట్లును, తల తెగినట్లును చూపు పనులలోని కిటుకులను కూడ విప్పిచెప్పెను.

అతని మాట పాలకులకు రుచింపలేదు. స్కాట్లండు రాజైన ఆరవ జేమ్స్ 1590లో డెన్మార్కునుండి క్రొత్త రాణితో తిరిగివచ్చుచుండగా సముద్రమున తుపానులు చెలరేగెను. అది మంత్రగత్తెల పనియని నార్త్ బెర్విక్ ప్రాంతపు మనుష్యులను పట్టి, చిత్రహింసలు పెట్టి, తాము జల్లెడలెక్కి సముద్రముమీద పోతిమని చెప్పించిరి. నిందితులను కొందరిని రాజు స్వయముగా ప్రశ్నించెను. 1597లో అతడే సంభాషణరూపమున ఒక గ్రంథము వ్రాసి, అందు స్కాట్‌ను పేరెత్తి ఖండించెను. 1603లో ఆ రాజే ఆంగ్లదేశ సింహాసన మధిష్ఠించెను.

షేక్స్పియరు 'మాక్బెత్' నాటకము 1606 ప్రాంతమున వెలువడినది ఈ రాజు ఏలుబడిలోనే. అందలి ముగ్గురు మంత్రగత్తెల భవిష్యవాణిని అందరును తలచుకొందురు గాని, వారు మాక్బెత్‌ను కలిసికొనుటకు ముందు మాటలాడుకొను చిన్న ముచ్చట నెవ్వరును పట్టించుకొనరు. ఒక నావికుని భార్య ఒడినిండ కాయలు పెట్టుకొని నమలుచుండగా మంత్రగత్తె తనకును పెట్టుమని అడుగును. ఆమె పెట్టదు, ఛీకొట్టును. అందులకు ప్రతిగా తాను జల్లెడలో పయనమై ఆమె భర్త ఓడను తుపానుపాలు చేయుదునని మంత్రగత్తె పంతము పట్టును. జల్లెడ రాజుగారి విచారణలలోనిది. పెట్టకపోవుట ఆంగ్ల పల్లెలలోనిది. రాజ్యములు కూలు కథలో గూడ మహాకవి ఈ వాకిటి తగవును విడువలేదు.

స్కాట్ గ్రంథమునకు పట్టిన గతి మరియొకటి. మిడిల్టన్ అను నాటకకర్త 'మంత్రగత్తె' యను తన నాటకమునకు కావలసిన మంత్రపు సరకును, భూతముల పేళ్ళను ఆ గ్రంథమునుండియే తీసికొనెను. లేవని చెప్పుటకు వ్రాసిన పుస్తకము, ఉన్నట్లు ఆడి చూపుటకు పనికివచ్చినది!

అయితే నాటకకర్తలందరిని ఒక గాట కట్టరాదు. 1621లో లండనుకు సమీపమందలి ఎడ్మంటన్ గ్రామములో ఎలిజబెత్ సాయర్ అను ఒంటికంటి ముసలిదానిపై నేరము మోపిరి. ఆమె పంది పొరుగింటి సబ్బును నాకినది; పొరుగింటి ఇల్లాలు బట్టలుతుకు కొయ్యతో దానిని కొట్టినది; తగవైనది; తరువాత ఆ ఇల్లాలు జబ్బుపడి మరణించినది. నేరమింతయే. అంతకుముందే ఊరివారు ఆమె ఇంటికప్పు గడ్డి పీకి కాల్చుచుండెడివారు. గడ్డి కాలినంతనే ఆమె పరుగెత్తివచ్చిన యెడల మంత్రగత్తె యని ఋజువట! ఇల్లు తగులబడుచుండగా పరుగెత్తిరాని వారెవరు? ఏప్రిల్ నెలలో ఆమెను ఉరితీసిరి.

ఆ యేడే రౌలీ, డెక్కర్, ఫోర్డ్ అను మువ్వురు కలిసి 'ఎడ్మంటన్ మంత్రగత్తె' నాటకమును వ్రాసిరి. అందు సాయరమ్మ తొలిసారి రంగముపైకి వచ్చునప్పుడు మంత్రములేదు, భూతములేదు. పొయ్యిలోనికి నాలుగు ఎండుపుల్లలు ఏరుకొనుచుండును. ఆ నేల గల రైతు వచ్చి, మంత్రగత్తె యని తిట్టి, పుల్లలు పడవేయుమని కొట్టును. తాను బీదది, వంకరది, చదువులేనిది గనుక లోకుల నాలుకల మురికియంతయు తనపై పోయుచున్నారనియు, ఎట్లును ఆ పేరు తప్పనప్పుడు నిజముగా అగుటయే మేలనియు ఆమె వాపోవును. అప్పుడు గాని పిశాచము నల్లకుక్క రూపమున రాదు. తరువాత న్యాయాధికారి యెదుట ఆమె ఎదురు ప్రశ్న వేయును: మగని భూములను పట్టుబట్టలుగా మార్చు గొప్పింటి స్త్రీలను, కక్షిదారుల సొమ్మును మాయముచేయు న్యాయవాదులను ఏమనవలెనని.

ఈ మువ్వురు కవులు పిశాచమును కాదనలేదు. కుక్క రంగముపై నిజముగానే మాటలాడును. చివరకు తెల్లని రంగుతో వచ్చి ఆమెను విడిచిపోవును. వారి ఘనత వేరొకచోట నున్నది. పిశాచముకంటె ముందు దెబ్బను చూపిరి. ఒక మనిషిని ఊరు ఎట్లు మంత్రగత్తెను చేయునో, ఆమె ఉరికొయ్యనెక్కిన సంవత్సరములోనే, ప్రజలయెదుట ఆడి చూపిరి.

పదమూడేండ్లకు జరిగిన కథ దీనికి విరుద్ధమైనది. ఎడ్మండ్ రాబిన్సన్ అను పదేండ్ల వయసు బాలుడు, అదే లాంకషైర్‌లో, రెండు వేటకుక్కలు తన కన్నులయెదుట మనుష్యులుగా మారినవనియు, ఒక కొట్టములో ఆడువారు త్రాళ్ళు లాగగా మాంసము, వెన్న, పాలు రాలినవనియు చెప్పెను. తండ్రి వానిని చర్చికి చర్చికి త్రిప్పి మంత్రగత్తెలను గుర్తుపట్టించెను. 1634లో లాంకాస్టర్ న్యాయస్థానము పలువురిని దోషులనెను. ఆ పట్టికలో జెన్నెట్ డివైస్ అను పేరు కూడ నున్నది.

ఈసారి న్యాయాధిపతులకు సందేహము కలిగి చార్లెసు రాజునకు నివేదించిరి. నలుగురు స్త్రీలను లండనుకు రప్పించిరి. రక్తప్రసరణమును కనిపెట్టిన విలియం హార్వే ఆధ్వర్యమున శస్త్రవైద్యులును, మంత్రసానులును పరీక్షించి, వారి దేహములపై అసహజమైన గుర్తులేవియు లేవనిరి. జూలైలో బాలుడు నిజము చెప్పెను: పశువులను వేళకు ఇంటికి తోలుకొనిరానందున దెబ్బలు తప్పించుకొనుటకు కథ అల్లితినని.

ఇంత జరిగిన పిమ్మట, ఆగస్టు నెలలో, షేక్స్పియరు నాటకములాడిన గ్లోబు నాటకశాలలోనే హేవుడ్, బ్రోమ్ అనువారు 'లాంకషైర్ మంత్రగత్తెలు' ప్రదర్శింపజేసిరి. అందు ఆ స్త్రీలు అసలు పేళ్ళతోనే మంత్రగత్తెలుగా కనిపింతురు. కొడుకు తండ్రిని గద్దించును, సేవకులు యజమానులపై పెత్తనము చేయుదురు, పెండ్లివిందు పిట్టలై ఎగిరిపోవును. మూడు దినములు వరుసగా నాటకశాల క్రిక్కిరిసెననియు, జనము మిక్కిలి నవ్విరనియు ఒక ప్రేక్షకుని లేఖవలన తెలియుచున్నది. ఎడ్మంటన్ ముసలిదానికి ఆమె మరణానంతరము దక్కిన న్యాయమైనను బ్రతికియున్న ఈ స్త్రీలకు రంగస్థలమున దక్కలేదు.

రాజు వారిని ఉరితీయనీయలేదు. చెరసాలనుండి మాత్రము అందరికిని విడుదల దొరకలేదు. రెండేండ్ల తరువాత, 1636 ఆగస్టునాటి లాంకాస్టర్ బందీల పట్టికలో వారిలో కొందరి పేళ్ళు ఇంకను వ్రాయబడియున్నవి. జెన్నెట్ డివైస్ పేరు అందొకటి.