ఈసారి ఇలా రాశాడేమిటి?

తెలియని రచయిత నవల నచ్చకపోతే ఇరవై పేజీలకే మూసేస్తాం. వారం తిరిగేసరికి పేరు కూడా గుర్తుండదు. అభిమాన రచయిత కొత్త నవల నచ్చకపోతే మాత్రం అంత తేలిగ్గా వదలం. తిట్టుకుంటూనే చివరిదాకా చదువుతాం. కనబడ్డవాళ్లతోనల్లా వాదిస్తాం. ఆయన నిజంగానే అంత గొప్పవాడా, లేక ఆ వయసులో మనమే మురిసిపోయామా అన్న అనుమానంతో పాత పుస్తకం కూడా బయటికి తీస్తాం. ఈ అలకకు దాదాపు నాలుగు వందల ఏళ్లు. అంటే ఇంచుమించు నవలకున్నంత వయసే.

నవలకు ముందు ఇది లేదనే నా నమ్మకం. గజేంద్రుడు మొసలి నోటినుంచి బయటపడతాడని భాగవతం విప్పకముందే అందరికీ తెలుసు. పోతన దాన్ని ఎలా చెప్పాడన్నదే చూసేవాళ్లు. ప్రబంధం మెప్పించిందా లేదా అన్నది కవికీ కృతిభర్తకూ మధ్య సంగతి. నవల వచ్చాక కథ ముందుగా ఎవరికీ తెలియదు. కృతిభర్త స్థానంలో వేలమంది కొనుగోలుదార్లు వచ్చారు. వాళ్లు అట్ట మీది పేరు చూసి డబ్బు ఇస్తారు. ఫలానా రుచి మళ్లీ దొరుకుతుందని రచయిత ఎక్కడా మాట ఇవ్వడు. అయినా మాట తప్పాడనే అనిపిస్తుంది.

స్పెయిన్‌లో సెర్వాంటెస్ ‘డాన్ కిహోతే’ మొదటి భాగం 1605లో వచ్చింది. జనం విరగబడి చదివారు, చదివి తప్పులూ పట్టారు. కథానాయకుడి సేవకుడు సాంచో గాడిద మాయమై, ఏ వివరణా లేకుండా మళ్లీ ప్రత్యక్షమవుతుందేమిటన్నారు. అసలు కథ ఆపి సంబంధంలేని పిట్టకథ అంత పొడుగున ఎందుకు చొప్పించారన్నారు. 1615 నాటి రెండో భాగంలో సెర్వాంటెస్ ఈ ఫిర్యాదులన్నిటినీ ఒక పాత్ర నోటనే చెప్పించాడు. సాలమాంకాలో చదివి వచ్చిన సాన్సోన్ కర్రాస్కో ‘మీ పుస్తకం గురించి లోకం ఇలా అనుకుంటోంది’ అని డాన్ కిహోతేకీ సాంచోకీ వినిపిస్తాడు. సాంచో సంజాయిషీ చెప్పుకుంటాడు. పాఠకుడి అసంతృప్తి నవల లోపలికే వచ్చి కూర్చుందన్నమాట. ఈలోగా 1614లో అవెయానెదా అనే మారుపేరుతో ఎవరో దొంగ రెండో భాగం వేసేశారు కాబట్టి, సెర్వాంటెస్ తన పాఠకుల్ని బుజ్జగించుకోక తప్పని పరిస్థితి కూడా ఉంది.

ఇంగ్లండులో ఇది ఉత్తరాల రూపం తీసుకుంది. శామ్యూల్ రిచర్డ్‌సన్ ‘క్లారిస్సా’ 1747, 48 సంవత్సరాల్లో విడతలుగా వెలువడింది. కథానాయిక చనిపోతుందన్న వార్త ముందే పొక్కింది. లేడీ బ్రాడ్‌షే మారుపేరుతో రచయితకు ఉత్తరాలు రాసి, ఆమెను బతికించమని ప్రాధేయపడింది. రిచర్డ్‌సన్ ఓపిగ్గా జవాబులిచ్చాడు గానీ కథ మార్చలేదు.

ఆ తర్వాత లెక్కల పుస్తకం వచ్చింది. డికెన్స్ నవలలు నెలకో భాగం చొప్పున, షిల్లింగు ధరకు అమ్ముడయ్యేవి. పాఠకుడి మనసు మారితే నెల తిరక్కుండానే ప్రచురణకర్తకు తెలిసిపోయేది. 1836లో ‘పిక్‌విక్ పేపర్స్’ మొదటి భాగం వెయ్యి ప్రతులు వేస్తే, చివరికొచ్చేసరికి అమ్మకం 40,000కి చేరింది. 1840లో ‘మాస్టర్ హంఫ్రీస్ క్లాక్’ అనే వారపత్రిక పెట్టాడు. డికెన్స్ పేరు చూసి మొదటి సంచిక దాదాపు 70,000 మంది కొన్నారు. తీరా చూస్తే అందులో నడుస్తున్న నవల లేదు, విడివిడి ముచ్చట్లే ఉన్నాయి. అమ్మకం దబ్బున పడింది. డికెన్స్ హడావుడిగా నెల్ అనే పాప కథను సాగదీసి ‘ది ఓల్డ్ క్యూరియాసిటీ షాప్’గా మలిచాడు. అమ్మకం లక్షకు ఎక్కింది. పాఠకులు అలిగారు, రచయిత దిగివచ్చాడు, ఇద్దరూ బాగుపడ్డారు.

రెండోసారి ఆ మంత్రం పారలేదు. 1843 జనవరిలో ‘మార్టిన్ చజిల్‌విట్’ మొదలైంది. అంతకుముందు రాసిన వాటన్నిటికన్నా ఇదే మిన్న అని డికెన్స్ గట్టిగా నమ్మాడు. పాఠకులు నమ్మలేదు. అమ్మకం 20,000 దగ్గర ఆగిపోయింది. కథ కదలడం లేదని కొందరు, పాత్రలన్నీ స్వార్థపరులేనని కొందరు పెదవి విరిచారు. ఆ రోజుల్లో ఇంగ్లండు వ్యాపారాలు కూడా దెబ్బతిని ఉన్నాయి, ఆ మాటా చెప్పాలి. డికెన్స్ ఉన్నట్టుండి కథానాయకుణ్ణి అమెరికా ఓడెక్కించాడు. పెరిగింది మూడు వేల ప్రతులు. పైగా అమెరికన్లు మండిపడ్డారు. అమ్మకం తగ్గితే నెలకు ఇచ్చే 200 పౌన్లలో 50 కోసుకోవచ్చన్న షరతును ప్రచురణకర్తల్లో ఒకరు గుర్తుచేశారు. డికెన్స్‌కు అది తల కొట్టేసినట్టయి, చివరికి ఆ సంస్థనే వదిలిపెట్టాడు. అదే ఏడాది డిసెంబరులో ‘క్రిస్మస్ కరోల్’ వచ్చి, మొదటి 6,000 ప్రతులు పండగలోపే చెల్లిపోయాయి.

‘చజిల్‌విట్’ మీద అప్పటి పాఠకుల తీర్పు సగమే ఒప్పని నాకనిపిస్తుంది. మొదటి భాగాలు నిజంగానే సాగవు. కానీ పెక్‌స్నిఫ్ లాంటి దొంగ పెద్దమనిషి, ఎప్పుడూ మత్తులో ఉండే నర్సు మిసెస్ గాంప్ ఆ నవలలోనే పుట్టారు. పాఠకుల్ని తిరిగి రప్పించడానికి రాసిన అమెరికా అధ్యాయాలే ఇవాళ అతుకుల్లా కనబడతాయి.

అమ్మకాల గొడవ కాదు, నమ్మకాల గొడవ చూడాలంటే రష్యాకు వెళ్లాలి. గోగోల్‌ను నెత్తిన పెట్టుకున్న విమర్శకుడు బెలిన్‌స్కీ. 1835లోనే ఆయన కథల గొప్పతనాన్ని చాటాడు. 1842లో ‘మృతజీవులు’ వచ్చినప్పుడు బానిస వ్యవస్థ నిజరూపం చూపిన రచయితగా నిలబెట్టాడు. చదువుకున్న కుర్రకారంతా రెండో భాగం కోసం ఎదురుచూస్తుండగా, 1847 మొదట్లో గోగోల్ ‘మిత్రులకు రాసిన ఉత్తరాల్లోని ఎంపిక భాగాలు’ అనే పుస్తకం వేశాడు. అందులో జారు పాలననీ చర్చినీ కొనియాడాడు. రైతుల్ని అదుపులో పెట్టుకోవడమెలాగో భూస్వాములకు నీతులు చెప్పాడు.

బెలిన్‌స్కీ పత్రికలో రాసిన సమీక్ష సెన్సారు భయంతో మెత్తగానే ఉంది. అయినా గోగోల్ నొచ్చుకుని ఉత్తరం రాశాడు. అప్పటికి బెలిన్‌స్కీ క్షయతో సైలీషియాలోని సాల్జ్‌బ్రన్‌లో వైద్యం చేయించుకుంటున్నాడు. పరాయి గడ్డ, సెన్సారు లేదు. ఆ జూలైలో రాసిన జవాబులో మొహమాటమన్నది లేకుండా కడిగేశాడు. రష్యాకు కావలసింది ప్రార్థనలూ ప్రవచనాలూ కాదు, మనిషికి మనిషిగా గౌరవం అన్నది దాని సారాంశం. ఆ ఉత్తరం చేతిరాత ప్రతులుగా రష్యా అంతా తిరిగింది. 1849లో రాజకీయాలు చర్చించుకునే పెట్రాషెవ్‌స్కీ బృందం సమావేశంలో దాన్ని పైకి చదివి వినిపించడం దొస్తొయెవ్‌స్కీ మీద మోపిన నేరాల్లో ఒకటి. మరణశిక్ష వేశారు, తుపాకుల ముందు నిలబెట్టారు, ఆఖరి నిమిషంలో సైబీరియాకు పంపారు. ఒక పుస్తకం నచ్చలేదన్న ఉత్తరం చదివినందుకు ఇంత శిక్ష పడ్డ సందర్భం మరొకటి నాకు తెలియదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఈ దొస్తొయెవ్‌స్కీ కూడా బెలిన్‌స్కీని నిరాశపరిచినవాడే. 1846లో అచ్చయిన ‘పేదజనం’ చదివి ఆకాశానికెత్తిన ఆ విమర్శకుడు, అదే ఏడాది వచ్చిన ‘ద్వంద్వరూపుడు’ మీద పెదవి విరిచాడు, తర్వాతి కథను తోసిపుచ్చాడు. గోగోల్ విషయంలో బెలిన్‌స్కీ కోపం నూటికి నూరుపాళ్లూ న్యాయమే. దొస్తొయెవ్‌స్కీ విషయంలో మాత్రం, పేదల బతుకు చెప్పే రచయిత దొరికాడనుకుంటే ఇతనేమిటి పిచ్చివాడి మనసులోకి దిగుతున్నాడన్న అసహనమే ఎక్కువ. తర్వాత ఆ దారినే దొస్తొయెవ్‌స్కీ ఎంత దూరం వెళ్లాడో లోకానికి తెలుసు. గోగోల్ 1852లో ‘మృతజీవులు’ రెండో భాగం రాతప్రతిని కాల్చేసి, కొద్దిరోజులకే చనిపోయాడు.

అమెరికాలో హెర్మన్ మెల్విల్‌ది ఇలాంటి కథే, కాకపోతే మరీ నిశ్శబ్దంగా నడిచింది. 1846లో ‘టైపీ’, మరుసటేడు ‘ఓమూ’ వచ్చాయి. దక్షిణ సముద్రాల దీవుల సాహసాలు కావడంతో పాఠకులు ఎగబడ్డారు. 1849లో ‘మార్డీ’ అనే తాత్విక నవల ఇస్తే తెల్లబోయారు. సంసారం గడవాలి కాబట్టి ‘రెడ్‌బర్న్’, ‘వైట్ జాకెట్’ అనే రెండు నవలలు ఒక్క వేసవిలో రాసిచ్చాడు. డబ్బు కోసం చేసిన కూలిపనిగానే వాటిని చూశాడు. 1851లో ‘మోబీ డిక్’. లండన్‌లో అచ్చయిన ప్రతిలో చివరి ఉపసంహారం గల్లంతైంది. ఓడలో అందరూ మునిగిపోతే ఈ కథ చెప్పినవాడెవడని అక్కడి సమీక్షకులు నిలదీశారు. వాళ్ల తప్పు లేదు, చేతికొచ్చిన పుస్తకం అలాగే ఉంది. 1852లో ‘పియేర్’ వచ్చాక ఒక న్యూయార్క్ పత్రిక మెల్విల్‌కు మతి చలించిందని శీర్షికే పెట్టేసింది. తర్వాత ఆయన న్యూయార్క్ సుంకాల శాఖలో పందొమ్మిదేళ్లు ఉద్యోగం చేసి, 1891లో చనిపోయాడు. ‘మోబీ డిక్’ ఆయన బతికుండగా అమెరికాలో అమ్ముడైంది మూడు వేల పైచిలుకు. 1920ల్లో గానీ జనం మళ్లీ వెతుక్కుంటూ రాలేదు.

టామస్ హార్డీ ‘జూడ్’ను (1895) ఒక బిషప్పు పొయ్యిలో పారేశానని పత్రికకెక్కి చెప్పుకున్నాడు. హార్డీ ఆ తర్వాత మరో ముప్పై ఏళ్లకు పైగా బతికాడు, కవిత్వం రాశాడు, కొత్త నవల జోలికి పోలేదు.

మన దేశంలో ఈ అలక తొందరగానే రాజుకుంది. బంకించంద్రుడు ‘కృష్ణకాంతుని వీలునామా’లో (1878) రోహిణి అనే వితంతువును ప్రేమించినవాడి చేతనే కాల్పించాడు. నీతి నిలబెట్టడానికి పాత్రను బలిపెట్టాడన్నది శరత్‌బాబు ఫిర్యాదు. ఒక పాఠకుడి అసంతృప్తి కొత్త నవలలకు ప్రాణం పోసిందంటే, శరత్ రాసిన వితంతువులే సాక్ష్యం. తీరా 1931లో ఆయన ‘శేషప్రశ్న’ వేస్తే ఆయన పాఠకులే నొసలు చిట్లించారు. ‘దేవదాసు’, ‘శ్రీకాంత్’ చదివి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లకు ఇందులోని నాయిక కమల వాదనలు, చర్చలు, ప్రశ్నలు ఎక్కలేదు. రవీంద్రుడి ‘చార్ అధ్యాయ్’ (1934) విప్లవకారుల్ని ఆరాధించే యువకులకు గుచ్చుకుంది. తమిళంలో కల్కి ‘పొన్నియిన్ సెల్వన్’ ముగించాక, ఫలానా పాత్ర ఏమైంది, ఫలానా సంగతి తేల్చలేదే అన్న పాఠకుల ప్రశ్నలకు నవల చివర ప్రత్యేకంగా జవాబులే రాయాల్సి వచ్చింది.

చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ వంటివారి అనువాదాల వల్ల శరత్ తెలుగువాడే అయిపోయాడు. ఆ అలవాటుతోనే సొంత రచయితల మీదా హక్కు చలాయించాం. విశ్వనాథ ‘వేయిపడగలు’ 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో పంచుకుంది. ఆ గాంభీర్యం రుచి మరిగినవాళ్లకు, విశ్వనాథ తర్వాత వరసగా చెప్పి రాయించిన పురాణవైర గ్రంథమాల నవలలు చప్పగా తోచడంలో వింతేమీ లేదు. నాకూ అంతే. ‘మైదానం’ చదివి ఇంట్లో తిట్లు తిన్న తరం, 1950లో చలం అరుణాచలం వెళ్లిపోతే నిర్ఘాంతపోయింది. నిజానికి అది పుస్తకం మీద కోపం కాదు. తమ తిరుగుబాటుకు అండగా ఉన్న మనిషి పక్కకు తప్పుకున్నాడన్న దిగులు.

వారపత్రికల సీరియల్ కాలం వచ్చేసరికి ఉత్తరాల శీర్షికే తీర్పు చెప్పే పంచాయతీ అయింది. అద్దె పుస్తకాల షాపులో యద్దనపూడి నవల కోసం వంతు వేసుకున్న పాఠకురాలికి ‘సెక్రటరీ’ రాజశేఖరం లాంటివాడే మళ్లీ కావాలి. వేరేవాడొస్తే ఆమెకు వెలితి, వాడే వస్తే విమర్శకుడికి విసుగు. ‘బలిపీఠం’ కోసం రంగనాయకమ్మను ఇష్టపడ్డ ఇళ్లలోనే ‘రామాయణ విషవృక్షం’ (1974) మీద రెండు పక్షాలయ్యాయి. ‘తులసిదళం’తో నిద్ర చెడగొట్టిన యండమూరి వ్యక్తిత్వ వికాసం వైపు మళ్లితే కొందరు వెంట నడిచారు, కొందరు ఆగిపోయారు.

చివరికి కొత్త పుస్తకం అన్న మాటే నమ్మలేని దశకు వచ్చాం. 2015 జూలైలో హార్పర్ లీ ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ వచ్చి, ఉత్తర అమెరికాలో తొలివారంలోనే 11 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. 1960 నాటి ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’లో న్యాయానికి మారుపేరైన అటికస్ ఇందులో జాతివేర్పాటును సమర్థిస్తూ కనిపించాడు. మిచిగన్‌లో ఒక పుస్తకాల షాపు డబ్బు వాపసిస్తామంది. నిజానికి అది కొత్త నవల కాదు. ‘మాకింగ్‌బర్డ్’కు ముందు, 1950ల్లో రాసి పక్కన పెట్టిన ప్రతి. సంపాదకురాలు టే హొహాఫ్ సలహాతో దాన్ని తిరగరాస్తూ పోతేనే ‘మాకింగ్‌బర్డ్’ తయారైంది. 2024 మార్చిలో మార్కెజ్ చివరి నవల వచ్చింది. పనికిరాదు, చించేయమని ఆయనే చెప్పిపోయాడు. కొడుకులిద్దరూ ఆ మాట దాటి అచ్చువేశారు, దాటామని ముందుమాటలో ఒప్పుకున్నారు కూడా. ఇలాంటి పుస్తకాలకు రచయితను తప్పుపట్టడం అన్యాయం. అడగాల్సింది ప్రచురణకర్తల్ని.

తెలుగులో ఇప్పుడు కొరవడింది నిరాశ కాదు, దాన్ని పైకి చెప్పే అలవాటు. అభిమాన రచయిత కొత్త నవల తేలిపోయిందని నలుగురైదుగురు చాటుగా అనుకుంటారు. ఆవిష్కరణ సభలో ఆ నలుగురే శాలువా కప్పి, మహత్తరమని మాట్లాడి వస్తారు. రచయితకు మేలు చేసేది ఈ పొగడ్త కాదు, బెలిన్‌స్కీ తరహా ఉత్తరమే. మీరు ఇరవై ఏళ్లుగా చదువుతున్న రచయిత ఈసారి మిమ్మల్ని నిరాశపరిస్తే, ఏ అధ్యాయంలో, ఏ పాత్ర దగ్గర, ఎందుకని నిరాశపరిచాడో ఆయనకే రాయండి, కింద మీ పేరుతో సహా.