విమానపు మైళ్ళు: ఒక వాగ్దానపు చరిత్ర

చిక్కపేటలో పట్టుచీరల వర్తకము చేసిన వృద్ధులతో మాటాడునపుడు హుండీల ప్రసక్తి తరచుగా వచ్చును. ఎవరు, ఎవరికి, ఎంత సొమ్ము, ఎన్నాళ్ళకు చెల్లింపవలయునో హుండీలోనే వ్రాసియుండును. వ్రాసినవాడు మరునాడు ఆ మొత్తమును తగ్గింపజాలడు. దేశభాషలలోని ఇట్టి పత్రముల విషయమున స్థానికాచారమునకు భంగము లేదని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము మొదటి సెక్షనులోనే అంగీకరించినది.

సరిగా నూరేండ్లకు, 1981 మే నెలలో, అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ తిరిగిన మైళ్ళను లెక్కకట్టి ఉచిత ప్రయాణము నిచ్చు పథకము నారంభించినది. 1978లో అచట ప్రభుత్వ నియంత్రణ తొలగగా, ప్రయాణికులు చౌక టిక్కెట్టు దొరకినచోటికెల్ల పోవుచుండిరి. వారిని కట్టివేయుటయే దీని యుద్దేశము. ఇదియు వాగ్దానమే. కాని దీని వెలను నిర్ణయించువాడును, మార్చువాడును వాగ్దాత యొక్కడే. 2015లో డెల్టా సంస్థ దూరమును విడిచి, టిక్కెట్టుకు చెల్లించిన సొమ్మును బట్టి మైళ్ళ నీయసాగినది. ఏ ప్రయాణమునకు ఎన్ని మైళ్ళు కావలయునో తెలుపు పట్టికను ఆ యేడే తొలగించినది. మైలు అను పేరు మాత్రము నిలిచినది!

మన యూరి సంగతియు కలదు. ఇచటి యు.బి. వర్గమునకు చెందిన కింగ్‌ఫిషర్ విమానములు 2005లో ఎగురనారంభించి, 2012 అక్టోబరులో నిలిచిపోయినవి. ఎక్కుటకు విమానమే లేనపుడు కూడబెట్టిన మైళ్ళు ఏమి చేసికొనగలరు? 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ నిలిచిపోయినను, దాని మైళ్ళ పథకము వేరొక కంపెనీ చేతిలో నుండుటచే బ్రతికి, ఆ సంవత్సరమే ఇంటర్‌మైల్స్ అను పేరు దాల్చినది. మైళ్ళు బ్రతుకుటయు చచ్చుటయు ప్రయాణికుని జాగ్రత్తపై ఆధారపడలేదని దీనివలన తెలియును.

సంస్థ నిలిచియున్నను చిక్కులు తీరవు. నేను తెలుగు బోధించు పాఠశాలలోని యొక విద్యార్థి మేనమామ అమెరికాలో నున్నాడు. భార్య పురిటికి తల్లిని పిలిపించుకొనవలెనని కొన్నేండ్లు మైళ్ళు కూడబెట్టెను. కొంత తిరిగి సంపాదించినవి, కొంత క్రెడిట్ కార్డుతో కొనుగోళ్ళు చేసి సంపాదించినవి. ఆ కార్డుకు ఏటేట రుసుము వేరు. తీరా చూడగా, కావలసిన నెలలో మైళ్ళకు దొరకిన సీటు రెండుచోట్ల విమానము మారి, ఒక రాత్రి విమానాశ్రయములో గడపవలసినది. ఆమెకు తెలుగు, కన్నడము తప్ప మరొక భాష రాదు. పైగా పన్నులు, అదనపు రుసుములు రొక్కముగా చెల్లింపవలసియుండెను. పురుడు మైళ్ళకై ఆగునా? చివరకు ఒకేచోట మారు విమానమునకు సొమ్ము పోసి టిక్కెట్టు కొనిరి. మిగిలిన మైళ్ళు మరుసటి యేడు గడువు తీరి రద్దయినవి.

ఆమె తిరిగివచ్చిన పిదప మనుమని కొరకు బడికి వచ్చి నన్నడిగినది: “అయ్యవారూ, నా కొడుకు తిరిగిన దారంతా ఇప్పుడు ఎవరి లెక్కలో ఉందండీ?”