ఎనిమిదో తరగతి, నారాయణగూడ

2011లో జనాభా లెక్కల కోసం మధురానగర్‌లోని మా మేనమామ ఇంటికి ఒక ఉపాధ్యాయుడు వచ్చాడు. అందరి పేర్లూ వయసులూ రాసుకుని, అమ్మమ్మ దగ్గరికి వచ్చేసరికి "పెద్దమ్మ చదువు?" అని అడిగాడు. "ఏం లేదండీ" అన్నాడు మామయ్య. వంటింట్లోంచి అమ్మమ్మ గొంతు గట్టిగా వినబడింది.

"ఎందుకు లేదు? ఎనిమిది చదివిన. నారాయణగూడల. తెలుగుల చదివిన."

మామయ్య నవ్వాడు. "సర్టిఫికెట్ ఉన్నదా అమ్మా?" అన్నాడు వేళాకోళంగా. ఆమె మళ్లీ మాట్లాడలేదు. వచ్చినాయన చివరికి ఏం రాసుకున్నాడో నేను చూడలేదు. అప్పుడు నేను ఎం.ఏ. చదువుతున్నాను. అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు తర్వాత చాలాకాలం నన్ను గుచ్చింది. అమ్మమ్మ చదివిన బడి చరిత్ర వెతుకుతూ పోయాక, సర్టిఫికెట్ గురించిన ఆ ప్రశ్న మామయ్యది మాత్రమే కాదని అర్థమైంది. నిజాం రాజ్యం ఆ బడినంతటినీ అడిగిన ప్రశ్న అది.

ఆ బడి పేరు ఆంధ్ర బాలికోన్నత పాఠశాల. 1928లో మాడపాటి హనుమంతరావు పూనికతో హైదరాబాదులో మొదలైంది. ఇప్పుడు నారాయణగూడలో ఆయన పేరు మీదే ఉంది. తెలుగు ఆడపిల్లలకు తెలుగులో ఉన్నత పాఠశాల చదువు చెప్పాలన్నది దాని సంకల్పం. ఇవాళ వింటే ఇందులో విశేషం ఏముందనిపిస్తుంది. ఆ రోజుల్లో ఇది రెండు గోడలను ఒకేసారి తోసే పని.

మొదటి గోడ భాష. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. ఇంగ్లీషును కాదని ఒక దేశభాషలో విశ్వవిద్యాలయాన్ని నడపడం ఆ కాలానికి గొప్ప సాహసమే. కానీ రాజ్యంలో ఎక్కువమంది ఇళ్లలో తెలుగో, మరాఠీయో, కన్నడమో మాట్లాడేవాళ్లు. వాళ్లకు ఉర్దూ కొలువుల భాష, కచేరీల భాష. పైగా 1920ల్లో ఖాన్గీ బడి పెట్టాలన్నా, సభ జరపాలన్నా సర్కారు అనుమతి కావాలి. రెండో గోడ ఆడపిల్ల చదువు మీద ఇంట్లో ఉన్న అనుమానం.

తెలుగులో చదివిన పిల్లలకు ఉస్మానియా పరీక్షల దారి లేదు. మరి పరీక్ష ఎవరు పెట్టాలి? జవాబు పుణె నుంచి వచ్చింది. ధోండో కేశవ కార్వే 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం మాతృభాషలో బోధనను ఒప్పుకుంది, ఇంగ్లీషును ఒక పాఠ్యాంశంగా ఉంచింది. హైదరాబాదు బడి దానికి అనుబంధమైంది. అలా నిజాం రాజ్యంలోని తెలుగు ఆడపిల్లలు రాజ్యం అవతల ఉన్న మరాఠీ గడ్డ మీది విశ్వవిద్యాలయానికి తెలుగులో పరీక్షలు రాశారు.

ఇక్కడ చరిత్రలో ఒక చిత్రమైన ముడి ఉంది. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని థియేటర్‌లో సంఘసంస్కార సభ జరిగింది. అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆ రాత్రి ఆంధ్ర జనసంఘం పుట్టింది. పుట్టించిన వాళ్లలో మాడపాటి ఒకరు. ఆ సభకు అధ్యక్షుడు మరెవరో కాదు, కార్వేనే. ఆయన అధ్యక్షత వహించిన సభలో నవ్వులపాలైన భాషకు, ఏడేళ్లు తిరిగేసరికి ఆయన విశ్వవిద్యాలయమే ఆసరా అయింది. మగవాళ్ల భాషాభిమాన చరిత్రలో మొదటి ఘటనను ఎన్నోసార్లు చదివాం. రెండోది మాత్రం ఒక వాక్యంలో ముగిసిపోతుంది, ఎందుకంటే అది ఆడపిల్లల బడి సంగతి.

అయితే ఈ బడిని ఊరికే పొగిడి ఊరుకోలేను. కార్వే జపాన్ మహిళా విశ్వవిద్యాలయం గురించి చదివి ప్రేరణ పొందాడు. స్త్రీకి ఆమె 'ధర్మానికి' తగిన చదువు కావాలన్న ఆలోచన అందులో ఉంది. గృహశాస్త్రం, ఆరోగ్యం, మంచి తల్లి, మంచి ఇల్లాలు: సంస్కర్తలు గీసిన ఈ గీత మనకు కొత్త కాదు. కానీ పాఠ్యప్రణాళిక రాసినవాళ్ల ఉద్దేశం ఒకటి, చదివిన పిల్ల దానితో చేసే పని మరొకటి. ఆ బడిలో చదివిన ఆరుట్ల కమలాదేవి తెలంగాణ సాయుధ పోరాటంలోకి నడిచింది, 1952లో ఆలేరు నుంచి శాసనసభకు గెలిచింది. మంచి ఇల్లాళ్లను తయారుచేసే చదువులో ఈ పాఠం ఎక్కడా ఉండి ఉండదు.

బడి బయట కూడా ఒక బడి నడిచింది. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభతోపాటు మహిళాసభ జరిగింది, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. 1935లో సిరిసిల్లలో మాడపాటి మాణిక్యమ్మ అధ్యక్షత వహించింది. వేదికెక్కి తెలుగులో మాట్లాడే స్త్రీ, తరగతిలో తెలుగులో చదివే పిల్ల ఒకే దశాబ్దంలో కనిపించడం యాదృచ్ఛికం కాదు.

మరి ఆ తరగతిలో లేనిదెవరు? ఈ ప్రశ్న వేయకుండా మన చరిత్ర పూర్తి కాదు. అగ్రవర్ణ జాతీయోద్యమ కథలో తెలుగు బడి 1928లో మొదలైనట్టుంటుంది. కానీ భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచే హైదరాబాదులోని దళితవాడల్లో తెలుగు బడులు నడిపాడు. ఇసామియా బజారు బడి వాటిలో ఒకటి. ఉర్దూలోనూ స్త్రీ విద్య కోసం పనిచేసినవాళ్లున్నారు. రచయిత్రి సుగ్రా హుమాయూన్ మీర్జా 1934లో సఫ్దరియా బాలికల పాఠశాల పెట్టింది. తెలుగు వర్సెస్ ఉర్దూ అని కథ చెప్పినప్పుడల్లా ఈ స్త్రీలు, ఈ వాడలు అంచుల్లోకి జారిపోతారు. ఒక గోడను తోసిన బడి మరో గోడ ముందు ఎంతవరకు ఆగిందన్నది ఇంకా తవ్వాల్సిన విషయం.

పరిశోధనలో చేరాక అమ్మమ్మతో కూర్చుని మాట్లాడాను. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివిన తర్వాత, వంటింట్లో ఉన్న చరిత్రకారిణిని నేనెందుకు అడగలేదా అని సిగ్గేసింది.

"పరదా కట్టిన బండ్ల పోతుంటిమి బిడ్డా. పరదా సందులకెల్లి చూసుకుంట పోతుంటిమి. గా సందులనే పట్నం మొత్తం చూసిన" అంది. "ఆడపిల్లకు తెలుగు చదువుతోటి నౌకరొస్తదా అని మా నాయిన అడిగిండు. మా అమ్మకు అక్షరం రాదు. నౌకరెందుకు, అత్తగారింటి నుంచి నాకు ఉత్తరం రాస్తది గదా అన్నది."

"మీ అమ్మకు చదవడం రాదు కదా అమ్మమ్మా?"

"రాదు. ఎవలతోనో చదివించుకునేది. అందుకే కష్టం రాయకపోతుంటి."

టేపు ఆపేసి చాలాసేపు కూర్చున్నాను. 1945లో, పద్నాలుగేళ్లకు పెళ్లి చేసి చదువు మాన్పించారు. ఉత్తరం రాసేంత చదువు వచ్చింది. కష్టం రాసుకునేంత ఏకాంతం మాత్రం చదివిన కూతురికీ లేదు, చదవని తల్లికీ లేదు. అక్షరాస్యత లెక్కల్లో ఈ సంగతి ఏ గడిలోకీ రాదు.

1948 తర్వాత రాజ్యం మారింది, మాతృభాషలో బడులు వచ్చాయి. కార్వే విశ్వవిద్యాలయానికి 1951లో చట్టబద్ధ ప్రతిపత్తి దక్కింది. అమ్మమ్మ చదువుకు ఎవరూ ప్రతిపత్తి ఇవ్వలేదు. ఆమె పాలలెక్క, చిట్టీల లెక్క, పిల్లల జ్వరాల తేదీలు క్యాలెండర్ అంచుల మీద గుండ్రని తెలుగులో రాసేది.

ఇప్పుడామె లేదు. మధురానగర్‌లో మెట్రో స్టేషను వచ్చింది, దానికి తరుణి అని పేరూ పెట్టారు. మొన్న అక్కడ రైలెక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, నారాయణగూడలో దిగాను. దారి పొడవునా అద్దంలోంచి పట్నం మొత్తం కనిపించింది, పరదా ఏమీ లేదు. పుస్తకాల సంచీలతో ఆడపిల్లలు గోలగోలగా దిగుతున్నారు.

ఈసారి లెక్కలవాళ్లు వస్తే ఇంట్లో అమ్మమ్మ పేరు ఉండదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను: ఎనిమిదో తరగతి, నారాయణగూడ, తెలుగులో.