తూటాకూ తోలుకూ మధ్య

1902 వేసవిలో వైస్రాయ్ లార్డ్ కర్జన్ నిజాం రాజ్యానికి వచ్చి, వరంగల్ దగ్గరి నెక్కొండ అడవిలో పులి షికారు చేశాడు. చచ్చిన పులితో కర్జన్ దంపతులు దిగిన ఫోటో రాజా దీన్‌దయాళ్ స్టూడియో చిత్రాల్లో ప్రసిద్ధమైంది. ఫోటో తీయడం అయిపోయాక వేటగాడికి దక్కేది తోలు. దాని మీద ఎన్ని చిల్లులున్నాయి, ఎంతెంత పెద్దవి అన్నదాన్ని బట్టే అది దివాన్‌ఖానా గోడకెక్కుతుందా, మూలన పడుతుందా అన్నది తేలుతుంది.

జంతువు చావాలి, తోలు మాత్రం చెడకూడదు. ఈ కోరిక లోకమంతటా ఉన్నదే. అమెరికా పడమటి రాష్ట్రాల్లో నక్కను పోలిన కాయోటీలను వేటాడేవాళ్లు దీన్నొక శాస్త్రంగా మార్చారు. ఏ సైజు తూటా, ఎన్ని గ్రెయిన్ల బరువు, ఎంత మందు అని ఒక్కొక్కటీ కొలిచి పరీక్షిస్తారు. కరీంనగర్, ఆదిలాబాద్ అడవుల్లో ఇదే కోరిక వేరే దారులు తొక్కింది. ఇక్కడ నూటయాభై ఏళ్ల వేట చరిత్రను వరసగా చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఆయుధాన్ని నిర్ణయించింది ఎదురుగా ఉన్న జంతువు కాదు, దాన్నుంచి మనిషి ఆశించినది.

దొరల షికారు

19వ శతాబ్దం చివరి దాకా షికారీల చేతుల్లో ఉన్నవి నల్ల తుపాకీమందుతో పేలే ‘ఎక్స్‌ప్రెస్’ రైఫిళ్లు. .450, .500, .577 బోర్లవి. మెత్తటి సీసపు తూటా, దాని ముక్కులో బోలు, వెనక దండిగా మందు. ఒంట్లోకి దిగగానే తూటా విచ్చుకుని పెద్ద గాయం చేసేది. మధ్య భారత అడవుల గురించి 1871లో అచ్చయిన ప్రసిద్ధ గ్రంథం రాసిన కెప్టెన్ జేమ్స్ ఫోర్సైత్, వేట రైఫిళ్ల గురించీ వాటి తూటాల గురించీ విడిగా ఒక పుస్తకమే రాశాడు. ఏ తూటా ఏం చేస్తుందన్నది ఆనాటి షికారీల్లో అంత పెద్ద చర్చ.

1890ల్లో పొగరాని మందు వచ్చింది. 1898 నాటికి రిగ్బీ కంపెనీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్‌ను తెచ్చింది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారంలో మెత్తటి ముక్కు తూటా తయారైంది. ఒంట్లో విచ్చుకునే ఆ తూటాలను 1899 హేగ్ సమావేశం యుద్ధంలో నిషేధించింది. వేటలో మాత్రం అవే కావాలన్నారు. పూర్తిగా లోహపు తొడుగున్న గట్టి తూటా తోలులో చిన్న చిల్లు చేసి ఆవలికి పోతుంది. తోలుకు అది మేలే. కానీ పులి అక్కడికక్కడే కూలదు, గాయంతో పొదల్లోకి దూరుతుంది. డప్పులు కొడుతూ దాన్ని తోలుకొచ్చిన పల్లె జనం ఆ పొదల పక్కనే ఉంటారు. వెట్టికి పట్టుకొచ్చిన ఆ మనుషుల ప్రాణాలా, తోలా అన్న ప్రశ్న వచ్చిన చోట బుద్ధి ఉన్న షికారీ విచ్చుకునే తూటానే ఎంచుకున్నాడు. హైదరాబాద్ కంటింజెంట్‌లో పనిచేసి, దక్కన్ వేట గురించి 1928లో పుస్తకం వేసిన ఆర్.జి. బర్టన్ లాంటి సైనికాధికారుల తరం ఈ ఎరుకతోనే అడవిలో తిరిగింది.

చిల్లుల సంగతి తోలు పనివాడు చూసుకునేవాడు. మైసూరులోని వాన్ ఇంగెన్ సంస్థ 20వ శతాబ్దపు తొలి ఏళ్ల నుంచి 1999 దాకా దేశంలోని రాజులకూ దొరలకూ పులి, చిరుత తోళ్లు శుద్ధి చేసి బొమ్మలుగా నిలబెట్టింది. ఒడుపు తెలిసినవాడు కుట్టాడంటే వెంట్రుకల కింద చిల్లు కనబడదు. తోలును నిజంగా పాడుచేసేది తూటా కంటే ఎక్కువగా ఎండ, తేమ, ఆలస్యంగా పట్టించిన ఉప్పు. మన వేసవిలో జంతువు చచ్చిన కొన్ని గంటల్లోనే కుళ్లు మొదలై వెంట్రుకలు రాలిపోతాయి.

ఈక చెదరని దెబ్బ

మందు కొలిచి, గుండు కొలిచి, తోలు చెడకుండా కాల్చే విద్య నిజాం రాజ్యంలో నిజంగా సాగింది. అది పులుల మీద కాదు, పిట్టల మీద. 1931–32లో పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ నిజాం ప్రభుత్వ సాయంతో హైదరాబాద్ రాజ్యపు పక్షుల సర్వే చేశాడు. అంతకు ముందే బెర్లిన్ వెళ్లి ఎర్విన్ స్ట్రెసెమాన్ దగ్గర శిక్షణ పొందాడు. సర్వే నివేదికలు హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి.

ఆ కాలంలో పక్షిని గుర్తించాలంటే దాని తోలు మ్యూజియం అరలో ఉండాలి. ముక్కు పగిలినా, రెక్క ఈకలు రాలినా, రొమ్ము నెత్తురుతో తడిసినా ఆ నమూనా పనికిరాదు. అందుకే నమూనాలు సేకరించేవాళ్లు పిట్ట సైజును బట్టి తూటాలు మార్చేవాళ్లు. బాతుకూ కొంగకూ వాడే ఛర్రాలు వేరు. పిచ్చుకంత పిట్టకు ఆవగింజలకంటే చిన్న సీసపు రవ్వలు, కొద్దిపాటి మందు చాలు. దగ్గర నుంచి కొడితే పిట్ట చిరిగిపోతుంది, మరీ దూరమైతే గాయంతో ఎగిరిపోతుంది. ఆ రెంటి మధ్య దూరం తెలుసుకోవడమే అసలు విద్య. పడిన పిట్ట నోట్లో దూది పెట్టి నెత్తురు ఈకలకు అంటకుండా చూసేవాళ్లు.

ఆ సర్వే తర్వాత దాదాపు పదేళ్లకు, గోండు నాయకుడు కొమురం భీం తిరుగుబాటు ముగిశాక, మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల మధ్యకు వచ్చి మార్లవాయిలో మకాం పెట్టాడు. ఆయన చూసిన రాజ్‌గోండులు ముఖ్యంగా నాగలి పట్టిన రైతులు. దీపావళి రోజుల దండారిలో గుస్సాడీ ఆడేవాళ్లు నెత్తిన నెమలి ఈకల టోపీ, భుజాన జంతువు తోలు ధరిస్తారు. ఆ ఈకలకు తుపాకీతో పనిలేదు, నెమలి ఏటేటా వాటిని తనే రాలుస్తుంది. ఆ తోలు కూడా అంగడి సరుకు కాదు, పూజలో భాగం. చిల్లుందా లేదా అని అక్కడ ఎవరూ చూడరు.

నక్కకు బేరం లేదు

కాయోటీని పోలిన జంతువు మన అడవుల్లో నక్క. మరి నక్క తోలు కోసం ఇక్కడ సన్న తూటాల వేట ఎందుకు పుట్టలేదు? మొదటి కారణం వాతావరణం. మంచు కురిసే చోట కాయోటీకి చలికాలం వచ్చేసరికి లోపల దట్టమైన మెత్తటి బొచ్చు పెరుగుతుంది. వ్యాపారి డబ్బిచ్చేది ఆ బొచ్చుకే. గోదావరి లోయలో తిరిగే నక్క బొచ్చు పొట్టిగా, గరుకుగా ఉంటుంది. ఎండలు మండే నేలలో దానికి అంతకంటే అవసరం లేదు.

రెండో కారణం తుపాకులు. అమెరికాలో 1930ల తొలి ఏళ్లలో .22 హార్నెట్, 1950లో .222 రెమింగ్టన్, 1971లో .17 రెమింగ్టన్ వచ్చాయి. చివరిదాని తూటా 25 గ్రెయిన్లు, అంటే 1.6 గ్రాములు. సెకనుకు సుమారు 1,200 మీటర్ల వేగం. పలచటి తొడుగున్న ఆ తూటా ఒంట్లోకి దిగిన వెంటనే ముక్కలైపోతుంది. దాని శక్తంతా లోపలే ఖర్చవుతుంది గనక జంతువు అక్కడే పడుతుంది, తోలు మీద తూటా దిగిన చిల్లు ఒక్కటే మిగులుతుంది. అదే తూటా భుజం ఎముకకు తగిలితే పైపైనే పేలి అరచేయంత గాయం చేస్తుంది. అందుకే అక్కడివాళ్లు ఇన్ని పరీక్షలు పెట్టుకుంటారు.

ఇక్కడ లైసెన్సుతో దొరికేవి వేరు. సైన్యం వాడేది కాబట్టి .303 మామూలు జనానికి నిషిద్ధం. దాని బదులు ఇషాపూర్ కర్మాగారం .315 రైఫిల్ చేసి అమ్మింది. దాని తూటా బరువు 244 గ్రెయిన్లు, దాదాపు 16 గ్రాములు. నక్కకు అది మోయలేనంత దెబ్బ. ఎక్కువమంది ఇళ్లలో ఉన్నది పన్నెండు బోరు తుపాకీ. ఎల్‌జీ అనే పెద్ద గుండ్లతో కొడితే నక్క తోలు జల్లెడవుతుంది.

మక్క చేనుకో, చెరుకు తోటకో, పుచ్చకాయల మడికో నక్క వచ్చినప్పుడు రైతు కోరేది అది పారిపోవడమే. నక్కను చంపించిన ఆశ ఒకటే ఉంది, అది మూఢనమ్మకం. నక్క తోక తొక్కితే అదృష్టమనే జనం, నక్క కొమ్ము ఇంట్లో ఉంటే సంపద వస్తుందనీ నమ్మారు. నక్కకు కొమ్ముండదు. పుర్రె ఎముకకు తోలూ వెంట్రుకలూ అతికించి అమ్మినవాళ్లు బాగుపడ్డారు, కొన్నవాళ్లు మోసపోయారు, నడుమ నక్క చచ్చింది.

నాటు తుపాకీ నుంచి కరెంటు తీగ దాకా

పల్లెల్లో లైసెన్సు తుపాకీ అంటే గడీ తుపాకీ. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలు దొరల తుపాకులు లాక్కున్నాయి. 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర తర్వాత జగిత్యాల, సిరిసిల్ల కల్లోలిత ప్రాంతాలయ్యాయి. ఇంట్లో తుపాకీ ఉండటమే దొరకు ముప్పుగా మారిన రోజులవి. అలా గడీల షికారు దానంతటదే సన్నగిల్లింది.

అడవి అంచున మిగిలింది నాటు తుపాకీ, భర్మారు. గొట్టం మూతి నుంచి మందు దట్టించి, దొరికిన సీసపు ముక్కనో ఇనుప గుండునో వేసి కాలుస్తారు. ప్రతి దెబ్బకూ మందు మారుతుంది, గురి మారుతుంది. అది కూర కోసం చేసే వేట, తోలు కోసం కాదు. తోలు కావాలనుకున్నవాడు తుపాకీ జోలికే పోలేదు. చప్పుడు వినిపిస్తుంది, చిల్లు పడుతుంది. ఆ రెండు బాధలూ లేనివి ఉచ్చు, విషం, కరెంటు.

2019 జనవరిలో మందమర్రిలో పులి తోలు పట్టుబడింది. శివ్వారం అడవిలో కరెంటు తీగ తగిలి చచ్చిన పులి అది. చెన్నూరు అడవుల్లో ఒక ఆడపులి నడుముకు ఉచ్చు బిగుసుకుని తిరుగుతూ కెమెరాలకు చిక్కింది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ దగ్గరి దరిగాం అడవిలో విషం కలిసిన పశువు కళేబరం తిని పులులు చచ్చాయి. అమెరికా వేటగాడు ఏళ్ల తరబడి వెతికే ‘చెడని తోలు’ ఇక్కడ కరెంటు పెట్టిన బైండింగ్ వైరుకు దొరికింది. ఆ వైరు తనకు తగిలింది పందా, పులా, నీళ్లు కట్టడానికి పొద్దున్నే బయల్దేరిన రైతా అని చూడదు.

బేరాన్ని కొట్టిన చట్టం

ఆదిలాబాద్ అడవుల్లోని కవ్వాల్ 1965లో అభయారణ్యమైంది, 2012లో పులుల అభయారణ్యం. 1970లో పులి వేటను దేశమంతా ఆపేశారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1986 సవరణ రక్షిత జంతువుల తోళ్ల దేశీయ వ్యాపారాన్ని మూసేసింది, 1991 సవరణ లైసెన్సు వేటకు ముగింపు పలికింది. 2022 సవరణతో నక్క కూడా మొదటి షెడ్యూలుకు చేరింది. వీటన్నిటిలో దెబ్బ గట్టిగా తగిలింది తోలు బహిరంగ బేరానికి. షికారీ తన గోడకెక్కిన తోలును దాచుకోవాల్సిన రోజు వచ్చింది.

పంటల మీద అడవిపందుల దాడి మాత్రం ఆగలేదు. 2021లో తెలంగాణ ప్రభుత్వం సర్పంచులకు గౌరవ వన్యప్రాణి వార్డెన్ల హోదా ఇచ్చి, గుర్తింపు పొందిన షూటర్లతో పందులను కాల్పించే అధికారం అప్పగించింది. చచ్చిన పందిని పాతిపెట్టాలి తప్ప మాంసం పంచుకోకూడదని షరతు పెట్టింది. తోలుకూ కూరకూ చోటు లేనప్పుడు తూటా నుంచి ఆశించేది ఒక్కటే, నొప్పి తెలియకముందే ప్రాణం పోవడం. ఈ ప్రాంతపు వేట చరిత్రలో తూటాను జంతువు తరఫున ఆలోచించి ఎంచుకోగల అవకాశం రావడం ఇదే మొదలు.

మరో పరీక్ష మత్తు తూటాది. దూరాన్నీ జంతువు బరువునూ బట్టి గాలి ఒత్తిడినీ మందు మోతాదునూ లెక్కగట్టాలి. ఎక్కువైతే సూది కండను చీల్చుతుంది, తక్కువైతే చేరదు. 2018 నవంబరులో ఆదిలాబాద్ సరిహద్దు ఆవల యవత్మాల్ జిల్లాలో ‘అవని’ అనే ఆడపులిని కాల్చి చంపినప్పుడు, మత్తు ప్రయత్నం సరిగ్గా జరిగిందా అన్నదాని మీదే దేశమంతా వాదించింది. నెక్కొండలో పులిని చంపడం అవసరమా అని కర్జన్‌ను అడిగినవాళ్లు లేరు.

కొలిచి కాల్చే విద్య మనకు కొత్త కాదు. సాలిం అలీ కాలంలో ఒక్క ఈక కోసం పాటించిన జాగ్రత్త, ఈ రోజు పంది మీద తుపాకీ ఎక్కుపెట్టే షూటర్‌కూ, మత్తు సూది గురిపెట్టే అటవీ అధికారికీ అవసరం. పల్లెకు గుర్తింపు పొందిన షూటర్ సమయానికి రాకపోతే, పరిహారం చేతికందకపోతే, రైతు పందుల కోసం మళ్లీ ఆ కరెంటు తీగనే పరుస్తాడు. పంటనష్టం పరిహారాన్ని కోత కంటే ముందే చెల్లించడం, లైన్‌మన్‌కు తెలిసిన ప్రతి దొంగ కనెక్షన్‌ను తీసేయడం, కవ్వాల్‌లో ఏ కొత్త రైఫిల్ కంటే ఎక్కువ తోళ్లను వాటి ఒంటి మీదే నిలబెడతాయి.