డిచ్‌పల్లి నేర్పిన పాఠం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చికిత్సలోని రెండు దారులూ 1898లోనే మొదలయ్యాయి. నవంబరులో వియన్నా వైద్యుడు ఎర్న్‌స్ట్ వెర్ట్‌హైమ్ గర్భసంచిని చుట్టుపక్కల కణజాలంతో సహా తొలగించే పెద్ద ఆపరేషన్ చేశాడు. డిసెంబరులో పారిస్‌లో క్యూరీ దంపతులు రేడియం కనుగొన్నట్టు ప్రకటించారు. ఆపరేషన్ మేలా, రేడియేషన్ మేలా అన్న వాదన అప్పటినుంచి నూరేళ్లకు పైగా సాగింది. నిజామాబాద్ జిల్లాలోని ఇందల్వాయి నుంచి చూస్తే ఆ వాదన కన్నా ముందు తేలాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. చికిత్స పూర్తయ్యేదాకా ఊరు విడిచి, కూలి విడిచి ఉండగలిగే వీలు రోగికి ఉందా లేదా? ఈ జబ్బులో మన ఆడవాళ్ల బతుకును పరికరాలు ఎంత నిర్ణయించాయో ఈ వీలూ అంతే నిర్ణయించిందని నా వాదన.

దీనికి సాక్ష్యం ఇందల్వాయి పొరుగునే ఉంది. 1907లో నిజాం రాజ్యానికి వచ్చిన స్కాట్లాండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి తెరిచారు. నిజామాబాద్ ప్రాంత దాత నర్సాగౌడ్ ఇచ్చిన విరాళం దానికి అండ అయింది. జబ్బు వేరు, మందు వేరు. కానీ చిక్కు ఒకటే. అప్పట్లో వాడిన హిడ్నోకార్పస్ నూనె ఇంజెక్షన్లు నెలల తరబడి తీసుకోవాలి. రోగి మధ్యలో వెళ్లిపోతే అంతా వృథా. అందుకే అక్కడ మందుతో పాటు ఇళ్లు, తిండి, చేసుకోవడానికి పని కూడా ఏర్పాటు చేశారు. అక్కడ బస కూడా వైద్యంలో భాగమే.

నలభై ఏళ్ల తర్వాత, 1955లో, మెహదీ నవాజ్ జంగ్ చొరవతో హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో రేడియం సంస్థ, క్యాన్సర్ ఆసుపత్రి ఏర్పడ్డాయి. అదే నేటి ఎంఎన్‌జే. ఇందల్వాయి నుంచి దాదాపు 150 కిలోమీటర్లు. ముఖద్వార క్యాన్సర్ తొలి దశలో దొరికితే ఆపరేషన్‌తో నయమవుతుంది. పక్క కణజాలంలోకి పాకితే మాత్రం రేడియేషనే ప్రధాన చికిత్స. తెల్లబట్ట, నడుం నొప్పి, ముట్లు ఆగాక మళ్లీ రక్తం కనబడటం, వీటన్నిటినీ ఓర్చుకుని ఓర్చుకుని మన ఆడవాళ్లు వచ్చేసరికి చాలాసార్లు ఆ రెండో స్థితే. వారానికి ఐదు రోజుల చొప్పున సుమారు ఐదు వారాలు బయటినుంచి కరెంటు పెడతారు. బల్ల మీద ఉండేది కొద్ది నిమిషాలే, కానీ రోజూ రావాలి. తర్వాత గర్భాశయంలోకి సన్నని గొట్టం అమర్చి లోపలినుంచి రేడియేషన్ ఇస్తారు. రేడియం కాలంలో గొట్టాలు లోపల ఉంచుకుని రోజుల తరబడి కదలకుండా పడుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఇరిడియంతో నిమిషాల్లో అవుతుంది. మొత్తం చికిత్స ఎనిమిది వారాల్లోపు ముగియాలి. సాగదీసిన కొద్దీ ఫలితం తగ్గుతుంది. వెయ్యి బీడీలకింత అని కూలి లెక్క ఉండే ఇంట్లో ఎనిమిది వారాలంటే చిన్న మాట కాదు.

అలాంటప్పుడు పది రోజుల్లో ఇంటికి పంపే ఆపరేషనే పేదలకు మేలు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు దీన్నే పరీక్షించారు. 635 మంది స్త్రీలలో కొందరికి ముందు కీమో ఇచ్చి ఆపరేషన్ చేశారు, మిగతావారికి కీమోతో కలిపి రేడియేషన్ ఇచ్చారు. 2018లో వెలువడిన ఫలితం ప్రకారం ఐదేళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉన్నవారు ఆపరేషన్ వైపు 69.3 శాతం, రేడియేషన్ వైపు 76.7 శాతం. మొత్తం మీద బతికి ఉన్నవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు, నిజమే. అయినా ఆపరేషన్ దగ్గరి దారి కాదని తేలింది. అదే ఏడాది అదే సంస్థ మరో అధ్యయనం ప్రచురించింది. బాగా ముదిరిన మూడో దశలో ఉన్న 850 మందిలో, రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు తీసుకున్నవారిలో 54 శాతం ఐదేళ్లకూ బతికే ఉన్నారు. ఆలస్యంగా వచ్చినా సగం మందికి పైగా దక్కుతున్నారంటే, చికిత్స మధ్యలో ఆగిపోవడం ఎంత నష్టమో ఆలోచించండి.

ఆపరేషన్ తొందరకు మన దగ్గర ఇంకో ముఖం ఉంది. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే తెలంగాణలో 7.7 శాతం. ముఖద్వారాన్ని పరీక్షించకుండా మామూలుగా గర్భసంచి తీసేస్తే, లోపల క్యాన్సర్ ఉన్న మనిషికి అది సరిపోని చికిత్స. తర్వాతి రేడియేషన్ కూడా కష్టమవుతుంది.

టీకా, ముందస్తు పరీక్ష ఉండగా ఈ చర్చ దేనికి అనేవారూ ఉన్నారు. ఒకప్పుడు నిజాం రాజ్యంలోనిదే అయిన ఉస్మానాబాద్ జిల్లాలో, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ కోసం ఒక్కసారి చేసిన పరీక్షతో ముఖద్వార క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లో తేలింది. ఆ పరీక్ష ప్రతి ఊరికీ రావాల్సిందే. కానీ ఈ రోజు యాభై ఏళ్లున్న స్త్రీకి టీకా కాలం దాటిపోయింది. ముదిరిన జబ్బు బయటపడితే ఆమెకు మిగిలేది ఆ ఎనిమిది వారాల చికిత్సే. ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు భరిస్తోంది, పోయిన కూలిని కాదు. రేడియేషన్ జరిగినన్నాళ్లూ ఆమెకూ తోడొచ్చిన మనిషికీ బస, భోజనం, కూలి భత్యం చికిత్స ప్యాకేజీలోనే చేర్చాలి. ప్రభుత్వం ఈ పని వెంటనే చేపట్టాలి.